దస్త్రం ఉంటే చాలదు, దొరకాలి: ఉప్పల్, నాచారం వైపు రికార్డుల కథ

ప్రత్యేక సంచికకి చరిత్ర వ్యాసం ఒకటి కావాలని కార్యదర్శి గారు అడిగినప్పుడు, రాజులూ యుద్ధాలూ నాకు రావని చెప్పాను. ముప్ఫై నాలుగేళ్లు రిజిస్ట్రేషన్ శాఖలో గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. 1974లో ఎల్.డి.సి.గా చేరి 2008లో పదవీ విరమణ చేశాను. నాకు తెలిసిన చరిత్ర బస్తాల్లో కట్టి ఉన్నదే. "అదే వ్రాయండి, మన వాళ్లకి పనికొస్తుంది" అన్నారు. పనికొస్తుందో లేదో చదివినవారు చెప్పాలి.

ఉప్పల్ స్టేషన్‌లో మెట్రో ఎక్కితే నాలుగో స్టేషన్ తార్నాక. నాచారం వాళ్లకైతే హబ్సిగూడ దాటితే చాలు. ఆ తార్నాకలోనే మన రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. రోజూ ఆ రోడ్డున పోయేవాళ్లలో లోపల ఏముందో తెలిసినవారు తక్కువ. నిజాం కాలంలో దఫ్తర్-ఎ-దీవానీ మొదలైన పాత దఫ్తర్లన్నీ కలిసి సెంట్రల్ రికార్డ్స్ ఆఫీసు అయింది. 1962లో దానికి స్టేట్ ఆర్కైవ్స్ అని పేరు పెట్టారు. 2014 తరువాత అది తెలంగాణ రాష్ట్రానిది. అక్కడ మొత్తం 4 కోట్ల 30 లక్షల దాకా పత్రాలున్నాయని లెక్క చెబుతారు. అందులో ఎక్కువ భాగం పార్సీ, ఉర్దూ. షాజహాన్, ఔరంగజేబు కాలాల నాటి మొగలాయి కాగితాలే సుమారు 1,55,000. దక్కను సుబాల కచేరీ ఔరంగాబాదులో ఉండేది గనుక అక్కడ పేరుకున్న కాగితాలు తరువాత హైదరాబాదు చేరాయి.

ఆ మొగలాయి కాగితాల్లో మన పెన్షనర్లు తప్పక తెలుసుకోవలసిన రకం ఒకటి ఉంది. దాన్ని అర్జ్-ఓ-చెహ్రా అంటారు. చెహ్రా అంటే ముఖం. సైన్యంలో చేరిన ఒక్కొక్క రౌతు పేరు, తండ్రి పేరు, కులం, ఊరు వ్రాసి, ఆ కింద అతని రంగు, నుదురు, కళ్లు, ముఖం మీద మచ్చలు వివరంగా వ్రాసేవారు. గుర్రానికి కూడా రంగు, గుర్తులు, వేసిన ముద్ర వ్రాసేవారు. కారణం మనకి బాగా తెలిసినదే. తనిఖీ నాడు పొరుగువాడి గుర్రం, పొరుగూరి మనిషిని తెచ్చి చూపించి జీతాలు తీసుకునేవారు. దాన్ని అరికట్టడానికి అక్బరు పట్టుబట్టి అమలు చేయించినదే ఈ దాగ్-చెహ్రా పద్ధతి, అంటే గుర్రానికి ముద్ర, మనిషికి వర్ణన. మన సర్వీసు రిజిస్టరు మొదటి పేజీ గుర్తుందా? ఎత్తు ఎంత, పుట్టుమచ్చలు ఎక్కడ, ఎడమ చేతి వేలిముద్రలు. మూడున్నర శతాబ్దాల నాటి రౌతు కాగితమూ మన ఎస్.ఆర్. ఒక్క వంశానివే. మన దాంట్లో గుర్రం లేదు, అంతే తేడా.

అయితే ఈ లక్షన్నర కాగితాల్లో ఫలానా రౌతు చెహ్రా కావాలంటే ఎట్లా? అవి షికస్తా అనే గొలుసుకట్టు వ్రాతలో ఉంటాయి. పార్సీ వచ్చినవారికి కూడా అది అంత సులువుగా కొరుకుడు పడదు. పాత ఉద్యోగులు ఒక్కొక్క కాగితం చదివి, తేదీ వేసి, రెండు ముక్కల్లో సారాంశం వ్రాసి, జాబితాలు కట్టారు. యూసుఫ్ హుస్సేన్ ఖాన్ గారు షాజహాన్ కాలం నాటి పత్రాలు కొన్ని ఏరి 1950లో, ఔరంగజేబు కాలం నాటివి 1958లో పుస్తకాలుగా అచ్చు వేయించారు. ఆ జాబితాలు, ఆ పుస్తకాలు ఉన్నాయి గనుకనే ఎక్కడెక్కడి పరిశోధకులూ తార్నాక వచ్చి తమకు కావలసినది తీయించుకుని చదువుకుంటున్నారు. అవి లేకపోతే ఆ కాగితాలు ఉన్నా లేనట్టే లెక్క.

ఈ మాట నేను ఊరికే అనడం లేదు. దాచడం ఒక పని, దాచినదాన్ని తీయడం ఇంకొక పని. మొదటి పనికి గది, బీరువా, తాళం ఉంటే చాలు. రెండో పనికి బుర్ర పెట్టి ఇండెక్సు వ్రాసే మనిషి కావాలి. పైవాళ్లు ఎప్పుడూ మొదటిదానికే డబ్బు మంజూరు చేస్తారు.

నిజాం కాలపు కచేరీల్లో ఫైలుని మిసల్ అనేవారు. రికార్డు గది ముహాఫిజ్‌ఖానా. అక్కడి ఉద్యోగి ముహాఫిజ్ దఫ్తర్. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో అట్లాంటి పాత పెద్దలు ఒకరిద్దరు ఇంకా ఉండేవారు. తేదీలు ఫస్లీలో వ్రాసేవారు. ఆజూర్, దై, బహమన్ అంటూ నెలలు. సంవత్సరం ఆజూర్ నెలతో, అక్టోబరు మొదట్లో మొదలయ్యేది. ఫస్లీకి 590 కలిపితే మన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, జనవరి దాటిన నెలలైతే 591 కలపాలి. ఈ ఒక్క లెక్క తెలియక ఎంతమంది కోర్టు పక్షులు ఒక ఏడాది ముందూ వెనకా వెతుక్కుని ఖాళీ చేతులతో పోయారో నేను చూశాను. ఉప్పల్ వైపు భూముల పాత సేత్వార్లు ఉర్దూలో ఉంటాయి. 1954-55 నాటి ఖాస్రా పహాణీ ఈనాటికీ భూమి తగాదాల్లో మూలస్తంభం. అది చదవగలిగినవాడు ఊళ్లో ఒక్కడుంటే ఆ ఒక్కడి ఇంటి ముందు జనం.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక మద్రాసు వైపు నుంచి టోటెన్‌హామ్ పద్ధతి మన ఆఫీసులకి వచ్చింది. మిత్రులకి మళ్లీ చెప్పనక్కరలేదు గాని, పిల్లలు చదువుతారు గనుక చెబుతాను. వచ్చిన ప్రతి తపాలుకి ఒక కరెంటు నంబరు. అది సెక్షను గుమాస్తా పర్సనల్ రిజిస్టరులో ఎక్కాలి. పని పూర్తయినాక ఫైలు మూసేటప్పుడు దాని ఆయుష్షు కూడా అప్పుడే వ్రాయాలి. ఎల్.డిస్. అయితే ఒక సంవత్సరం, కె.డిస్. మూడేళ్లు, డి.డిస్. పదేళ్లు, ఆర్.డిస్. శాశ్వతం. ఆ ప్రకారమే రికార్డు గదిలో వేరువేరు బస్తాలు. గడువు దాటినవి ఏటా ఏరి, రిజిస్టరులో కొట్టివేసి, తగలబెట్టాలి. ఫైలు చదివి, అందులోని విషయం పూర్తిగా తెలిసి ఉన్నప్పుడే ఆయుష్షు నిర్ణయించడంలో ఉన్న తెలివి చూడండి. ఇరవై ఏళ్లు పోయాక ఎవడో తెలియనివాడు దుమ్ములో నిలబడి నిర్ణయించనక్కరలేదు. కాని బద్ధకం వల్ల చాలామంది గుమాస్తాలు అన్నిటికీ ఆర్.డిస్. వ్రాసి పారేసేవారు. అంతా శాశ్వతం అయితే దేనికీ విలువ ఉండదు, గదిలో అడుగు పెట్టడానికి సందూ ఉండదు.

మా అబ్బాయి కంప్యూటర్ల కొలువులో ఉన్నాడు. బ్యాంకులకి, ఫోను కంపెనీలకి కోట్ల కోట్ల లెక్కలు దాచే పని. వాడు చెప్పినదాన్నిబట్టి వాళ్లు చేసేది కూడా ఇదే. రోజూ వాడకంలో ఉన్న లెక్కలు చేతికందేచోట, పాతవి సంవత్సరాలవారీగా విడదీసి వేరేచోట, గడువు దాటినవి కొట్టివేత. విడదీసి పంపేటప్పుడు ఇండెక్సు కూడా వెంట పంపాలి, అప్పుడప్పుడు ఒకటి వెనక్కి తీసి చూసుకోవాలి, లేకపోతే అవసరం వచ్చిననాడు తెరుచుకోవు అన్నాడు. "నాన్నా, మీ రికార్డు రూమే ఇది" అని నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు, కాస్త గర్వం వేసింది.

ఇప్పుడు మా శాఖ సంగతి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం వ్రాసినవాళ్లకి కంప్యూటరు తెలియదు, కాని ఇండెక్సు సంగతి మాత్రం బాగా తెలుసు. ఆ చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజులన్నీ ఒకటో పుస్తకంలో నకలు వ్రాయాలి. రిజిస్ట్రేషన్ నిరాకరిస్తే కారణాలు రెండో పుస్తకంలో, వీలునామాలు మూడులో, ఇతర దస్తావేజులు నాలుగులో, దాఖలు చేసిన సీలు కవర్ల వీలునామాల వివరం అయిదులో. ఒకటో పుస్తకానికి రెండు ఇండెక్సులు. ఒకటో ఇండెక్సు మనుషుల పేర్లతో, అంటే వ్రాసి ఇచ్చినవాళ్లు, వ్రాయించుకున్నవాళ్లు. రెండో ఇండెక్సు ఆస్తిని బట్టి, అంటే ఊరు, సర్వే నంబరు. ఒకే దస్తావేజుకి రెండు దారులు. మనిషి తెలిస్తే ఒకటి, భూమి తెలిస్తే ఇంకొకటి. పైగా ఒకటో పుస్తకం, దాని ఇండెక్సులు ఫీజు కట్టిన ఎవరైనా చూడవచ్చునని 57వ సెక్షన్ చెబుతుంది. మూడు, నాలుగు పుస్తకాలకి అంత స్వేచ్ఛ లేదు.

ఇ.సి. కావాలంటే మేము చేసే పని ఇదీ. దరఖాస్తులోని ఊరు, సర్వే నంబరు చూసుకుని ఏడాదికొకటి చొప్పున రెండో ఇండెక్సు సంపుటాలు దింపాలి. ఊరి పేజీ తీసి వేలు పెట్టి కిందకి దిగాలి. పదమూడేళ్లకి అడిగితే పదమూడు సంపుటాలు, ముప్ఫై ఏళ్లకి ముప్ఫై. 1970ల తరువాత ఉప్పల్, నాచారం, హబ్సిగూడ, రామంతపూర్ పొలాలు ప్లాట్లు అయిపోతుంటే ఒక్కొక్క సర్వే నంబరు కింద వందల పద్దులు పేరుకున్నాయి. ఒక నంబరు కింద పేజీలకి పేజీలు. కళ్లు చెదిరి ఒక వరస జారితే ఇంకొకడి ఇల్లు మునుగుతుంది. మేము ఆ మాట ఎవరికీ చెప్పలేదు గాని, అందరికీ తెలుసు.

కంప్యూటర్లు మన వైపుకి కొత్త కాదు. నాచారం దాటి కొంచెం ముందుకి పోతే వచ్చే ఇ.సి.ఐ.ఎల్. 1967లో పుట్టింది. దేశంలోనే తయారైన టి.డి.సి.-12 కంప్యూటరు 1969 నాటిది. అంత దగ్గర్లో కంప్యూటర్లు తయారవుతుంటే మేము మాత్రం ఇంకా ముప్ఫై ఏళ్లు సిరాతోనే నకళ్లు వ్రాశాము. 1998 నవంబరులో కార్డ్ అనే పథకం మొదలై రాష్ట్రంలో 214 సబ్ రిజిస్ట్రారు ఆఫీసుల్లో కంప్యూటర్లు పెట్టారు. రోజులు పట్టే ఇ.సి. నిమిషాల్లో చేతికొచ్చింది. మొదట్లో మాలో చాలామంది దాన్ని నమ్మలేదు. యంత్రం ఇచ్చిన ఇ.సి. పక్కన పెట్టుకుని, సాయంత్రం దాకా కూర్చుని సంపుటాలతో సరిచూసిన సీనియర్లు నాకు తెలుసు.

యంత్రం అంత వేగంగా ఎట్లా వెతుకుతుందని పెద్దవాళ్లు అడుగుతుంటారు. ఇందులో మంత్రం ఏమీ లేదు. నిఘంటువులో మాట వెతికినట్టే. మధ్యకి తెరుస్తాము, మన మాట ముందుందో వెనకుందో చూస్తాము, అక్కరలేని సగం వదిలేస్తాము, మిగిలిన సగాన్ని మళ్లీ సగం చేస్తాము. వరసగా పేర్చిన వెయ్యి పేర్లలో ఒకటి పది చూపుల్లో దొరుకుతుంది. లక్షలో అయితే పదిహేడు. కోటిలో అయితే ఇరవై నాలుగు. తార్నాకలోని 4 కోట్ల 30 లక్షలకీ ఇరవై ఆరే. బోయింగ్ కంపెనీలో పనిచేసిన బేయర్, మెక్‌క్రైట్ అనే ఇద్దరు 1970ల మొదట్లో దీన్ని ఇంకా మెరుగుచేసి, ఒక చూపుకి రెండు సగాలు కాక వందల భాగాలు వదిలించేటట్టు ఒక చెట్టు ఆకారం కట్టారు. ఈనాటి డేటాబేసుల్లో చాలావాటికి అదే వెన్నెముక. షరతు ఒక్కటే, పేర్లు వరసలో ఉండాలి, ఒక పేరు ఒక్కలాగే వ్రాసి ఉండాలి. ఉప్పల్ కలాన్, ఉప్పల్ ఖల్సా, ఉప్పల్ భగాయత్ అని కాగితాల మీద వేరువేరుగా ఉంటాయి. జనానికి అంతా ఒక్కటే ఉప్పల్. యంత్రానికి మూడూ మూడు ఊళ్లు.

ఇంకొక సంగతి మన సభ్యులు బాగా గుర్తుంచుకోవాలి. కంప్యూటరులో దొరికే ఇ.సి. 1983 జనవరి 1 నుంచి మాత్రమే. కార్డ్ వచ్చిన 1998 నుంచి వెనక్కి పదిహేనేళ్లు లెక్కవేస్తే వచ్చేది ఆ సంవత్సరమే. అంతకు ముందు జరిగినదానికి ఇప్పటికీ పాత ఇండెక్సు సంపుటాలే గతి. మనలో చాలామంది ఉప్పల్, నాచారం వైపు ప్లాట్లు కొన్నది ఎప్పుడు? 1970ల్లోనే గదా. అంటే మన దస్తావేజులు గీతకి అవతల ఉన్నాయి.

రెండేళ్ల కింద మన సభ్యుడొకరి భార్య కొడుకుని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఆయన పోయి పన్నెండేళ్లు దాటింది. 2020 అక్టోబరు వానలకి రామంతపూర్‌లో వాళ్ల ఇంట్లోకి నడుములోతు నీళ్లొచ్చి బీరువా అడుగు అర తడిసి ముద్దయింది. ఆ అరలోనే 200 గజాల ప్లాటు కాగితం. కూతురి పెళ్లికి అమ్ముదామంటే కొనేవాడి వకీలు అసలు దస్తావేజు, లేకపోతే నకలు తెమ్మన్నాడు. నంబరు తెలియదు. కంప్యూటరులో చూస్తే ఆ సర్వే నంబరు మీద వీళ్లాయన పేరే లేదు.

"అన్నా, రికార్డే లేదంటున్నరు. మా ఆయన కొన్నడా లేదా అని నాకే అనుమానం పడుతున్నది" అన్నది ఆమె.

"కొన్న సంవత్సరం చెప్పమ్మా" అన్నాను.

"వీడు బడిల చేరిన ఏడో, అంతకు ముందో."

డబ్బు ఎక్కడిదని అడిగాను. జి.పి.ఎఫ్. తీశాడట. అదే ఆధారం అయింది. జి.పి.ఎఫ్. చీటీలు మనవాళ్లెవరూ పారేయరు. ఆయన అటక మీద ట్రంకు పెట్టెలో కట్ట కట్టి పెట్టాడు. 1978-79 చీటీలో ఇంటిస్థలం నిమిత్తం తీసిన మొత్తం వేసి ఉంది. ఫీజు కట్టి ఆ రెండేళ్ల రెండో ఇండెక్సు తీయించాము. ఉప్పల్ ఖల్సా కింద వెతికితే లేదు. అక్కడ ఉన్న కుర్రాడు "లేదు సార్, ఇగ వదిలేయండి" అన్నాడు. ఒకటో ఇండెక్సు ఇవ్వమన్నాను. ఇంటిపేరు మొదటి అక్షరం కింద చూశాము, లేదు. అసలు పేరు అక్షరం కింద చూస్తే 1979లో ఉన్నాడు ఆ మహానుభావుడు, తండ్రి పేరుతో సహా, పక్కన సంపుటం నంబరు, పేజీలు. సంపుటం తెరిస్తే నకలు సిరా చెక్కుచెదరలేదు. ఊరు భగాయత్ అని వ్రాసి ఉంది, ఖల్సా కాదు. అది వ్రాసిన గుమాస్తా ఎవరో నాకు తెలియదు. గుండ్రటి చక్కని చేవ్రాత. ఆ వారంలోనే సర్టిఫైడ్ నకలు వచ్చింది. పెళ్లి మొన్న మాఘమాసంలో జరిగింది.

ఒకటో ఇండెక్సు వ్రాయకుండా రెండోదానితో సరిపెట్టుకుని ఉంటే ఆ కుటుంబానికి 200 గజాలు లేవు. ఒకే పనికి రెండు ఇండెక్సులు దండగ అని వాదించిన అధికారులు కూడా నా ఉద్యోగకాలంలో తగిలారు గనుక ఇది వ్రాస్తున్నాను.

పల్లెల సంగతి ఇంకొక రకం. 2020 సెప్టెంబరులో వి.ఆర్.ఓ.ల దగ్గర ఉన్న రికార్డులు స్వాధీనం చేసుకుని, అక్టోబరు 29న ధరణి తెచ్చారు. పాత పహాణీలో ఉండే అనుభవదారు గడి అందులో లేదు. 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. ఏది మంచిది, ఏది చెడ్డది అన్న చర్చ ఈ సంచికకి తగదు. గుమాస్తాగా ఒక్కటి చెబుతాను: రిజిస్టరులో ఒక గడి తీసేయడానికి ఒక జీవో చాలు, ఆ గడిలో ఉన్న మనిషిని మళ్లీ నిలబెట్టడానికి పదేళ్ల కోర్టు పడుతుంది.

1983కి ముందు కాగితాలున్నవారు, లేదా పోగొట్టుకున్నవారు ఈ వివరాలు ఇంట్లో ఒక నోటు పుస్తకంలో వ్రాసి పిల్లలకి చూపించండి. దస్తావేజు నంబరు, సంవత్సరం, ఒకటో పుస్తకంలో సంపుటం, పేజీలు. ఇవి దస్తావేజు వెనక రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టులో ఉంటాయి, ముద్రలో ఆఫీసు పేరు కూడా ఉంటుంది. ఆ ఆఫీసు పేరు ముఖ్యం. ఈ ప్రాంతం 1978 దాకా హైదరాబాదు జిల్లా, ఆ తరువాత రంగారెడ్డి, 2016 నుంచి మేడ్చల్-మల్కాజిగిరి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసుల హద్దులూ మారుతూ వచ్చాయి. ఇప్పుడు మీ ఇల్లు ఏ ఆఫీసు కిందో కాదు, దస్తావేజు అయిననాడు ఏ ఆఫీసు కిందో చూడాలి. షెడ్యూలులో ఊరి పేరు ఎట్లా ఉందో అక్షరం మార్చకుండా దించుకోండి. అమ్మినవారి పేరు, వారి తరఫున జి.పి.ఎ. దారు సంతకం చేసి ఉంటే ఆయన పేరు, మీ పేరు ఇంటిపేరుతో ఉందా లేకుండా ఉందా అన్నదీ వ్రాయండి. జి.పి.ఎఫ్. చీటీలు, ఇంటి అప్పు మంజూరు ఉత్తర్వులు అటక మీద నుంచి దింపి ఎత్తుగా ఉన్న అరలో పెట్టండి.

పాత సంపుటాలు చూడవలసి వస్తే ఉదయం పదిన్నరకే వెళ్లండి. మధ్యాహ్నం తరువాత రిజిస్ట్రేషన్ల రద్దీలో సంపుటం దింపేవారు దొరకరు. కళ్లజోడు, తెల్లకాగితం, పెన్సిలు తీసుకువెళ్లండి. సంపుటాల దగ్గర పెన్ను వాడకండి. నేను నెలలో రెండో శనివారం సంఘం ఆఫీసులో ఉంటాను. ఫస్లీ తేదీలు లెక్కకట్టడం, ఇండెక్సు చూడటం రానివారు కాగితం తెచ్చుకుంటే కూర్చుని చూద్దాం.